డాగ్ పాజిటివ్ అంటే ఏంది బిడ్డా?

మా పెద్దబాపు బయాప్సీ రిపోర్టు మూడు పేజీలు. అందులో మా ఇంట్లో అందరి కళ్లూ ఆగింది ఒక్క లైను దగ్గరే. 'డాగ్1: పాజిటివ్.'

"నన్నేడ కుక్క కరిచింది బిడ్డా?" అని పెద్దబాపు నిజంగానే అడిగాడు. పెద్దమ్మ అయితే బొడ్డు చుట్టూ వేసే సూదుల దాకా వెళ్లిపోయింది. మా తమ్ముడు ఫోన్ తీసి సెర్చ్ కొడితే కుక్కపిల్లల ఫొటోలు వచ్చాయి. గడ్డ అన్న మాట ఇంట్లోకి వచ్చి అప్పటికి నెల దాటింది. ఆ నెలలో మేం నవ్వింది ఆ పూటే.

నేను హన్మకొండలో బీజెడ్‌సీ చదివాను. ఇప్పుడు హైదరాబాద్‌లో చేస్తున్న ఉద్యోగానికీ దానికీ సంబంధమే లేదు. అయినా ఇంట్లో సైన్స్ అంటే నేనే. ఆ లైను అర్థమేంటో చెప్పే డ్యూటీ నా మీద పడింది. మొదట డాక్టర్‌ను అడిగాను, తర్వాత రాత్రిళ్లు కూర్చుని చదివాను. పెద్దబాపు ఏ మందు వాడాలి, అసలు మందు ఉందా లేదా అన్నది చాలావరకు ఆ లైను మీదే ఆధారపడి ఉంది.

పెద్దబాపు ఎనుమాముల మార్కెట్‌లో దడువాయి. ముప్పై ఏళ్లుగా కాంటా వేసే పని. మీరెప్పుడైనా మిర్చి సీజన్‌లో ఎనుమాముల యార్డుకు వెళ్లారా? గేటు ఇంకా రాకముందే తుమ్ములు మొదలవుతాయి. లోపలికి పోతే కళ్లల్లో నీళ్లు, గొంతులో మంట. యార్డు నిండా తేజ, వండర్ హాట్, చపాటా బస్తాలు. చపాటాకు 2025లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. రంగు ఎక్కువ, కారం తక్కువ ఉండే రకం అది. మిగతావి అలా కాదు. కడుపులో గడ్డ అనగానే మా వాడకట్టు మొత్తం తీర్పు ఇచ్చేసింది. "ముప్పై ఏండ్లు మిర్చి దుమ్ము మింగిండు. కడుపు కాలకపోతే ఏమైతది?"

ఆ తీర్పు తప్పు. కానీ డాగ్1 సంగతి అర్థం కావాలంటే మిరపకాయ నుంచి మొదలుపెట్టడమే తేలిక.

మన ఒంట్లో ప్రతి కణం చుట్టూ పల్చటి కొవ్వు పొర ఉంటుంది. సోడియం, పొటాషియం, కాల్షియం, క్లోరైడ్ లాంటి అయాన్లకు కరెంటు చార్జి ఉంటుంది కాబట్టి అవి ఆ పొరలోంచి దూరి పోలేవు. వాటి కోసం పొరలో ప్రోటీన్‌తో కట్టిన దారులు ఉంటాయి. వాటినే అయాన్ చానెళ్లు అంటారు. మనది కాకతీయుల చెరువుల ఊరు కదా, నేను ఇంట్లో తూము అని చెప్పాను. పాకాల చెరువు కట్ట ఎంత గట్టిదైనా తూము లేకపోతే పొలానికి చుక్క నీరు రాదు. తూము ఎప్పుడు ఎత్తాలి, ఎప్పుడు దించాలి అన్నదాంట్లోనే ఉంది సంగతంతా. కణానికీ అంతే. తేడా ఏమిటంటే ఒక్కో చానెల్ తెరుచుకుందంటే సెకనుకు లక్షల్లో, కొన్నిట్లో కోట్లలో అయాన్లు దాటిపోతాయి.

మిరపలోని క్యాప్సైసిన్ అనే పదార్థం అలాంటి ఒక తూమును ఎత్తేస్తుంది. దాని పేరు టీఆర్‌పీవీ1. డేవిడ్ జూలియస్ బృందం దీన్ని 1997లో పట్టుకుంది. 2021లో ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి ఆయనకు నోబెల్ ఇచ్చారు. ఆ చానెల్ వేడికి కూడా తెరుచుకుంటుంది, సుమారు 43 డిగ్రీలు దాటితే. అందుకే కారం తిన్నా, వేడి చాయ్ తాగినా నోరు ఒకేలా "కాలింది" అంటుంది. కారం మంట అంటే కాలడం కాదు, నరానికి వెళ్లిన సిగ్నల్ అంతే. 2014లో అమెరికాలో పేగుల్లో కణుతులు వచ్చే జాతి ఎలుకల మీద ఒక ప్రయోగం చేశారు. టీఆర్‌పీవీ1 లేకుండా చేసిన ఎలుకల్లో కణుతులు ఇంకా ఎక్కువ వచ్చాయి. అంటే ఆ చానెల్ అక్కడ కాపలా కాస్తున్నట్టు. అలాగని మిర్చి బజ్జీలు తింటే కేన్సర్ రాదని ఎవరూ ఫార్వర్డ్ చేయకండి. అది ఎలుకల సంగతి. పెద్దబాపుకు వచ్చిన గడ్డ రకానికి మాత్రం తిండి కారణమని ఎక్కడా రుజువు కాలేదు.

ఈ మాట చెప్పాక పెద్దబాపు మొహంలో కొంచెం వెలుతురు కనిపించింది. చేతులారా తెచ్చుకున్న రోగం కాదు అని తెలియడం చిన్న విషయం కాదు.

గడ్డ బయటపడిన తీరు చాలామందికి పనికొస్తుంది కాబట్టి చెబుతాను. ఆయనకు కడుపునొప్పి పెద్దగా లేదు. నీరసం. బస్తాల వరుస దాటేలోపు రెండుసార్లు కూర్చునేవాడు. మా ఊరి ఆర్‌ఎంపీ నాలుగు నెలలు గ్యాస్ గోలీలే ఇచ్చాడు. విరేచనం తారులా నల్లగా వస్తోందని పెద్దమ్మకు కూడా చెప్పలేదాయన. మన మగవాళ్లు ఇలాంటివి చెప్పరు, అదొక జబ్బు. రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ ఆరు పాయింట్ల చిల్లర. ఎక్కడో రక్తం కారుతోందని అప్పుడు తెలిసింది. నల్లటి విరేచనం అంటే కడుపులో రక్తం కారుతుండొచ్చు. ఐరన్ గోలీలు వాడినా నలుపు వస్తుంది, కానీ ఆ తేడా ఇంట్లో కూర్చుని తేల్చుకునేది కాదు.

ఎండోస్కోపీలో కడుపు లోపలి పొర చాలావరకు మామూలుగానే ఉంది. దాని కింద నుంచి ఏదో ఉబ్బి, మధ్యలో ఒకచోట పుండు పడింది. సీటీలో ఏడు సెంటీమీటర్లని రాశారు. సూదితో ముక్క తీశారు. వారం తర్వాత వచ్చిన కాగితంలో ఉన్నది ఇంతే: స్పిండిల్ సెల్ ట్యూమర్, ఐహెచ్‌సీ చేయించవలెను.

స్పిండిల్ అంటే కదురు. మా అమ్మమ్మవాళ్లది దర్రీలు నేసే కొత్తవాడ, మాకు కదురంటే బొమ్మ గీసి చూపించక్కర్లేదు. మధ్యలో లావుగా, రెండు కొనలూ సన్నగా ఉండే కణాలన్నమాట. చిక్కెక్కడంటే కడుపు గోడలో అలా కనిపించే గడ్డలు చాలా రకాలున్నాయి. కండరం నుంచి పుట్టేవి, నరాల తొడుగు నుంచి పుట్టేవి, జిస్ట్ అనేవి. మైక్రోస్కోప్ కింద అన్నీ అన్నదమ్ముల్లా ఉంటాయి. కొన్ని తీసేస్తే మళ్లీ రావు. కొన్ని కాలేయానికి పాకుతాయి. వాటి మందులు వేరు. జిస్ట్‌కైతే మామూలు కీమో దాదాపు పని చేయదు. పేరు తెలియకుండా వైద్యం మొదలుపెడితే చీకట్లో రాయి వేసినట్టే.

ఐహెచ్‌సీ కోసం శాంపిల్ హైదరాబాద్ పంపాలన్నారు. పంపడమంటే కొరియర్ కాదు, నేనే. మైనంలో పాతిపెట్టిన కడుపు ముక్క, మన అగ్గిపెట్టెలో సగం ఉండే ప్లాస్టిక్ దిమ్మె. అలాంటివి రెండు, రెండు గాజు స్లైడ్లు, ఒక ఉత్తరం. "ఎండకు పెట్టకండి మేడమ్, మైనం మెత్తపడ్తది" అని ల్యాబ్ అబ్బాయి చెప్పి పంపాడు. కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ దాకా బ్యాగు ఒళ్లోంచి దించలేదు. పక్కసీటు ఆమె "ఏంటమ్మా అంత భద్రంగా, బంగారమా?" అంది. అవునన్నాను.

ఐహెచ్‌సీలో ఏం చేస్తారంటే, ఆ దిమ్మెను వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు పల్చటి పొరలుగా కోస్తారు. ఒక్కో పొర మీద ఒక్కో యాంటీబాడీ పోస్తారు. ఒక యాంటీబాడీ ఒకే ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. ఆ ప్రోటీన్ కణంలో ఉంటే అక్కడ గోధుమరంగు తేలుతుంది. లేకపోతే నీలంగానే ఉండిపోతుంది. ఇంత పెద్ద సైన్సంతా చివరికి ఒక మనిషి మైక్రోస్కోప్‌లో చూసి "గోధుమ" లేదా "నీలం" అనడం దగ్గరికి వస్తుంది. నాకు ఇది భలే నచ్చింది.

పది రోజులకు రిపోర్టు వచ్చింది. జిస్ట్‌కు మొదట చూసే ఆనవాలు సీడీ117, అంటే కిట్ అనే ప్రోటీన్. పెద్దబాపు ముక్కలో అది అక్కడక్కడా, పలచగా ఉంది. ఔననడానికీ కాదనడానికీ చాలదు. దాని కింది లైను డాగ్1. అది ముక్క మొత్తం ముదురు గోధుమ. కండరానికి, నరానికి సంబంధించిన ఆనవాళ్లు నెగెటివ్. అన్నీ కలిపి చూసి కింద రాశారు: జిస్ట్.

ఇప్పుడు ఆ కుక్క కథ. 2004లో స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు జిస్ట్ గడ్డల్లో ఏ జీన్లు ఎక్కువ పని చేస్తున్నాయో లిస్టు తీశారు. అందులో ఒకటి బాగా పైన ఉంది. కానీ దాని పనేమిటో ఎవరికీ తెలియదు. సరే, దొరికిన చోటు పేరే పెట్టేద్దామనుకుని 'డిస్కవర్డ్ ఆన్ జిస్ట్ 1' అన్నారు. పొట్టిగా డాగ్1. వాళ్లు చూసిన 139 జిస్ట్ గడ్డల్లో 136 దీనికి పాజిటివ్. కిట్ సరిగా కనిపించని గడ్డల్లో కూడా ఇది చాలావాటిలో కనిపించింది. పనేమిటో తెలియకపోయినా ఆనవాలుగా పనికొచ్చింది. పోలీసులు మనిషి పుట్టుమచ్చ రాసుకున్నట్టు. పుట్టుమచ్చ ఎందుకుందో తెలియాల్సిన పనిలేదుగా.

నాలుగేళ్లకు, 2008లో, ఇటలీలోని జెనోవా, అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో, కొరియాలోని సియోల్ బృందాలు ఇంకో ప్రశ్న వెనక పడి ఉన్నాయి. కాల్షియం తాళంచెవితో తెరుచుకుని క్లోరైడ్‌ను వదిలే ఒక తూము ఉందని చాలా ఏళ్లుగా తెలుసు. దాన్ని కట్టేది ఏ జీన్ అన్నది ఎవరికీ దొరకలేదు. మూడు బృందాలూ విడివిడిగా వెతికి ఒకే జీన్ దగ్గర ఆగాయి. టీఎంఈఎం16ఏ, ఇంకో పేరు ఆనో1. తీరా చూస్తే స్టాన్‌ఫర్డ్ వాళ్ల డాగ్1 కూడా అదే! కేన్సర్ ల్యాబుల్లో నాలుగేళ్లుగా గోధుమరంగు వేసి చూస్తున్నది ఒక అయాన్ చానెల్‌ను.

మరి కడుపు గడ్డలో క్లోరైడ్ తూముకు పనేంటి? దీనికి జవాబు ఇంకా పాతది. స్పెయిన్‌కు చెందిన శాంటియాగో రమోన్ ఇ కహాల్ అనే ఆయన, 1906లో నోబెల్ అందుకున్నాయన, పేగు గోడలో నరాలకూ కండరాలకూ మధ్య చిక్కుకున్నట్టుండే కొన్ని వింత కణాలను బొమ్మలు గీశాడు. అవి మన జీర్ణాశయానికి డప్పు వాయించే కణాలని చాలాకాలం తర్వాత తేలింది. కడుపు నిమిషానికి సుమారు 3 దరువులు, చిన్నపేగు మొదట్లో 12 దాకా. ఆ దరువుకే తిండి కిందికి నడుస్తుంది. ఆ డప్పు మోగాలంటే ఆనో1 తూము తెరుచుకోవాలి. ఆ జీన్ తీసేసిన ఎలుకల్లో దరువు ఆగిపోయింది. జిస్ట్ ఆ డప్పు కణాల నుంచో, వాటి ముందు తరం నుంచో పుడుతుందని శాస్త్రవేత్తల లెక్క. పుట్టిన ఇంటి గుర్తు గడ్డలో కూడా ఉండిపోయింది. అందుకే గోధుమరంగు.

ఇదంతా ఆయనకు చెప్పినప్పుడు పెద్దబాపు కాసేపు ఊరుకుని, "అయితే నా కడుపుల డప్పోడే ఎదురు తిరిగిండన్నట్టు" అన్నాడు. నేను ఇన్ని రాత్రులు చదివింది ఒక్క ముక్కలో చెప్పేశాడు.

జిస్ట్ అని తేలడం వల్ల ఏమైందో చెప్పాలి. 1998లో జపాన్ శాస్త్రవేత్తలు ఈ గడ్డల్లో చాలావాటిలో కిట్ జీన్ చెడి, స్విచ్ ఆఫ్ కాకుండా ఉండిపోతోందని కనిపెట్టారు. బ్లడ్ కేన్సర్ కోసం తయారైన ఇమాటినిబ్ అనే మాత్ర ఆ స్విచ్‌ను కూడా ఆపగలదు. 2000లో ఫిన్లాండ్‌లో ఒక జిస్ట్ పేషెంటుకు మొదటిసారి ఇచ్చి చూశారు. గడ్డలు తగ్గాయి. 2002లో అమెరికాలో ఈ జబ్బుకు అనుమతి వచ్చింది. అంతకుముందు, తీసేయడానికి వీల్లేని జిస్ట్ అంటే డాక్టర్లు చేతులెత్తేసేవారు.

ఇక్కడ మన వాళ్ల పాత్ర కూడా ఉంది. నొవార్టిస్ అమ్మే గ్లివెక్ ధర నెలకు లక్ష రూపాయలు దాటేది. హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మా అదే మందును వీనాట్ పేరుతో 2003లో తెచ్చింది. ఇలాంటి జెనరిక్‌ల ధర నెలకు పదివేల లోపు. తర్వాత పదేళ్లు కొట్లాట. చివరికి 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నొవార్టిస్‌కు పేటెంట్ ఇవ్వడం కుదరదంది. తెలిసిన మందును కొత్త స్ఫటిక రూపంలోకి మారిస్తే చాలదు, వైద్యంలో అంతకన్నా బాగా పని చేస్తుందని చూపించాలి అని. ఆ కేసు గురించి కాలేజీలో ఎవరో చెబితే నేను నిద్రపోయి ఉంటాను. ఇప్పుడు మా పెద్దమ్మ మందుల షాపు బిల్లు చూసినప్పుడల్లా నాకు ఆ తేదీ గుర్తొస్తుంది. దడువాయి సంపాదనకు ఆ బిల్లు ఇప్పటికీ బరువే. లక్షైతే అసలు మాట్లాడుకునేదే లేదు.

జీన్ టెస్టులో కూడా మాత్ర బాగా పని చేసే రకమనే వచ్చింది. రోజుకు 400 మిల్లీగ్రాములు, అన్నం తిన్నాక, పెద్ద గ్లాసు నీళ్లతో. మూడు నెలలకు ఏడు సెంటీమీటర్ల గడ్డ అయిదుకు దిగింది. ఆరో నెలలో ఆపరేషన్ చేసి తీసేశారు. మాత్ర మొత్తం మూడేళ్లు మానొద్దన్నారు. మళ్లీ వచ్చే ముప్పు ఎక్కువున్నవాళ్లకు ఏడాది కన్నా మూడేళ్లు వాడితే మేలని 2012లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో తేలింది.

ఇది చదివి ఎవరైనా "మాకు కూడా డాగ్1 టెస్టు రాయండి" అని వెళ్లకండి. అది రక్తంలో చూసేది కాదు. గడ్డ దొరికాక, ముక్క తీశాక, దాని పుట్టిల్లు ఏదో చెప్పేది. జిస్ట్ అరుదైన జబ్బు, ఏటా పది లక్షల మందిలో 10, 15 మందికి వస్తుంది. మనం ఎక్కువగా వినే కడుపు కేన్సర్, పెద్దపేగు కేన్సర్ లోపలి పొర నుంచి పుడతాయి. వాటికి డాగ్1 ఈ పని చేయదు.

వాటికి వేరే తూములు పనికొస్తాయేమో అని మాత్రం వెతుకుతున్నారు. కేసీఎన్‌క్యూ1 అనే పొటాషియం చానెల్ పెద్దపేగు గడ్డలో కనిపించకుండా పోతే జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువని అమెరికా, నెదర్లాండ్స్ పరిశోధకులు చూపించారు. హెర్గ్1 అనే ఇంకో పొటాషియం చానెల్ కడుపు, పెద్దపేగు కేన్సర్లలో ఎక్కువవుతుందని ఇటలీలోని ఫ్లోరెన్స్ ల్యాబు ఏళ్ల తరబడి పని చేస్తోంది. క్లోరైడ్‌దే ఇంకో తూము సీఎఫ్‌టీఆర్. పుట్టుకతోనే అది చెడిపోతే సిస్టిక్ ఫైబ్రోసిస్ వస్తుంది. వాళ్లకు పెద్దపేగు కేన్సర్ ముప్పు ఎక్కువ కాబట్టి 40 ఏళ్లకే కొలనోస్కోపీ మొదలుపెట్టాలని అమెరికాలో 2018లో మార్గదర్శకాలు ఇచ్చారు. ఈ లిస్టులో సీఎఫ్‌టీఆర్ ఒక్కటే డాక్టర్ చేసే పనిని మార్చే దాకా వచ్చింది. అదీ గడ్డలో రంగు వేసి కాదు, పుట్టుకతో వచ్చిన జబ్బు ద్వారా. మిగతావి ఇంకా పేపర్లలోనే ఉన్నాయి.

నాకు అర్థమైనంతలో బయోమార్కర్లు ఒకే రకం కావు. కొన్ని ఆధార్ కార్డు లాంటివి, ఎవరో చెబుతాయి. కొన్ని వాతావరణ వార్తల లాంటివి, ఏం జరగొచ్చో చెబుతాయి, తప్పొచ్చు కూడా. కొన్ని ఇంట్లో దొంగ దూరకముందే మోగే అలారం లాంటివి. మనందరికీ కావాల్సింది ఆ మూడోది. "ఒక్క రక్తపు చుక్కతో అన్ని కేన్సర్లూ" అని వాట్సాప్‌లో తిరిగేవి దాన్నే అమ్ముతాయి. డాగ్1 ఆధార్ కార్డు రకం. చూడ్డానికి చాలా చిన్న పని. కానీ పెద్దబాపుకు కావాల్సింది ఆ రోజు అదే. కాగితంలో "ఐహెచ్‌సీ చేయించవలెను" అని ఉంటే, అది మీ వాళ్ల కాగితమైతే, దాన్ని పక్కన పెట్టి ఆకు పసరు కోసం వెళ్లకండి. ఈ ఒక్కటి నేను గట్టిగానే చెబుతాను, మా వాడకట్టులో ఆ సలహా ఇచ్చినవాళ్లు ముగ్గురున్నారు.

పెద్దబాపు ఇప్పుడు యార్డుకు వెళ్తున్నాడు. కాంటా దగ్గర కాదు, ఒక అడ్తి దుకాణంలో కూర్చుని తూకం చీటీలు రాస్తాడు. మాత్రల వల్ల పొద్దున్నే కనురెప్పలు ఉబ్బుతాయి. అది మందు గుణమేనని డాక్టర్ చెప్పారు. హమాలీలు మాత్రం మిర్చి ఘాటనుకుంటారు, ఆయన కూడా సరిచేయడు. ఆర్నెల్లకోసారి సీటీ. బతుకమ్మ పండుగ అయ్యాక ఇంకొకటి ఉంది.

మైనం దిమ్మెలు ల్యాబ్ వాళ్లు తిరిగి ఇచ్చేశారు. మందు ఎప్పుడైనా పని చేయడం మానేస్తే మళ్లీ పరీక్షకు కావాల్సి రావచ్చు, జాగ్రత్త పెట్టుకోండి అన్నారు. పెద్దమ్మ వాటిని బీరువాలో పట్టాదారు పాసుపుస్తకం పక్కన పెట్టింది. మొన్న ఎండాకాలం నలభై నాలుగు డిగ్రీలు కొట్టినప్పుడు నాకు ఫోన్ చేసింది, బీరువా ఉన్న రూములో ఫ్యాన్ వేసి ఉంచాలా అని.